అక్రమ ఆరోగ్యం

ఆరోగ్యం రావడం వేరు, సక్రమంగా రావడం వేరు. ఈ తేడా తెలియక మన దేశంలో కోట్లమంది జ్వరం తగ్గగానే మంచం దిగి పనిలోకి పోతున్నారు. తగ్గిన జ్వరం ఎటునుంచి ఎటు తగ్గిందని ఒక్కడూ అడగడు. మా లాకులపేట ప్రభుత్వ హోమియో వైద్యశాలలో అడిగేవాళ్ళం. అడిగి, రాసి, బాణం గుర్తు వేసి, ముద్ర కొట్టేవాళ్ళం. ఆ బాణాలు వేసింది నేనే. పేరు కడియాల సుందరం, దిశా విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. నా గురించి ఊళ్ళో ఏవేవో అంటున్నారని తెలుసు కాబట్టి, లైన్‌మన్ నూకరాజు సంగతి జరిగింది జరిగినట్టు చెప్తాను. తప్పెవరిదో మీరే తేల్చండి. నాది మాత్రం కాదు.

మొదట్లో మా ఆస్పత్రిలో దిశా విభాగం అంటూ లేదు. డాక్టర్ అలివేలు గారు ఉండేవారు. ఆవిడ ముందు ఒక బల్ల, బల్లనిండా చిన్న సీసాలు, సీసాలనిండా తెల్లటి తియ్యటి మాత్రలు. రోగి చెప్పిందంతా ఓపిగ్గా వినేవారు. నిద్ర ఎలా పడుతోంది, పులుపు ఇష్టమా తీపి ఇష్టమా, కోపం ఎక్కువా అని అడిగి నాలుగు పొట్లాలు కట్టిచ్చేవారు. తగ్గినవాళ్ళు తగ్గిందని చెప్పి పోయేవారు. తగ్గనివాళ్ళు చెప్పకుండా పోయేవారు. రికార్డు అన్నమాటే లేదు.

ఇంతలో పైనున్నవారు ఆ సంవత్సరాన్ని 'ఆరోగ్య దిశా సంవత్సరం'గా ప్రకటించారు. హోమియో వైద్యంలో ఒక పాతమాట ఉంది. నిజమైన స్వస్థత పైనుంచి కిందికి, లోపలినుంచి బయటికి వస్తుందనీ, ఆఖర్న వచ్చిన రోగం ముందు పోయి, మొదట వచ్చిన రోగం ఆఖర్న పోతుందనీ. పైనున్నవారిలో ఎవరో ఈ మాట ఆదివారం చదివినట్టున్నారు. సోమవారానికి అది ఉత్తర్వయింది. 'ఇకమీదట రోగము తగ్గిన చాలదు. నిర్దేశిత దిశలో తగ్గవలెను. అట్లు తగ్గని రోగమును తగ్గినట్లు పరిగణించరాదు.'

దీని అమలుకి ఒక దిశాధికారి కావాలి. దిశలు తెలిసినవాళ్ళు ప్రభుత్వంలో ఎక్కడున్నారని వెతికితే నీటిపారుదల శాఖలో దొరికారు. వక్కలంక ఆదిశేషయ్య గారు ముప్పయ్యేళ్ళు కాలవల మీద పనిచేసిన మనిషి. ఏ నీరు ఎటునుంచి ఎటు పోవాలో, పోకపోతే ఎవరికి నోటీసివ్వాలో కళ్ళు మూసుకుని చెప్పగలరు. అక్కడ నేను ఆయన గుమాస్తాని కాబట్టి నన్నూ వెంటబెట్టుకొచ్చారు. వచ్చిన రోజే తన గది గుమ్మం మీద 'నీరు పల్లమెరుగు' అని పెద్ద అక్షరాలతో బోర్డు రాయించారు. నిజం దేవుడెరుగు అన్న రెండో సగానికి బోర్డులో చోటు చాల్లేదు.

ఒక ఫారం అచ్చువేయించాం. దానిమీద మనిషి బొమ్మ ఉంటుంది. రోగం ఏ అవయవంలో మొదట తగ్గింది, తర్వాత ఎక్కడ తగ్గింది అని రోగిని అడిగి నేను ఎర్రపెన్సిలుతో బాణం గీస్తాను. బాణం కిందికి చూస్తే దిశ సరి. రోగి మంచంమీద పడుకుని ఉంటే పైన ఏది, కింద ఏది అన్న సందేహం వచ్చింది గాని, 'రోగి పడుకొని యున్ననూ నిలబడి యున్నట్లే భావించవలెను' అని ఆదిశేషయ్య గారు ఆ సమస్యని నిమిషంలో తేల్చేశారు.

చిక్కంతా 'ముఖ్యమైన అవయవమునుండి అముఖ్యమైన అవయవమునకు' అన్న వాక్యంతో వచ్చింది. ఏది ముఖ్యం? ప్రభుత్వంలో ఈ ప్రశ్నకి ఎప్పుడూ ఒకటే జవాబు: సీనియారిటీ జాబితా. అవయవాల తాత్కాలిక సీనియారిటీ జాబితా తయారుచేసి నోటీసు బోర్డుకి అంటించి, అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో తెలపమన్నాం. వెల్లువలా వచ్చిపడ్డాయి. సంగీతం టీచరొకావిడ గొంతుకి అన్యాయం జరిగిందని రాసింది. బజారులో కుట్టుపని చేసే వెంకటరత్నం చూపుడువేలిని చిటికెనవేలితో సమానంగా చూడడం దారుణమన్నాడు. కుడిచేతికి ఎడమచెయ్యి జూనియరని తేల్చేసరికి ఎడమచేతివాటం వాళ్ళు గేటు ముందు ధర్నా చేశారు. ఆదిశేషయ్య గారికి గ్యాసు బాధ ఉండడం వల్ల కడుపు గుండెకన్నా ఒక మెట్టు పైకెళ్ళింది. అపెండిక్స్ తీయించుకున్నవాళ్ళ విషయంలో సదరు పోస్టు రద్దయినట్టు భావించాలని రాశాం. చర్మం అట్టడుగున పడింది. దాని తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరూ రాలేదు.

తుది జాబితా సంతకానికి తీసుకెళ్తే అలివేలు గారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"ఆదిశేషయ్య గారూ, ఇది మా పెద్దలు కొంతమంది రోగుల్ని చూసి రాసుకున్న మాటండీ. కాలవల చట్టం కాదు. నేను ముప్పై అయిదేళ్ళుగా చూస్తున్నాను. కొందరికి పైనుంచి కిందికి తగ్గింది. కొందరికి కిందినుంచి పైకి తగ్గింది. కొందరికి అన్నీ ఒక్కరోజే తగ్గాయి. చాలామందికి ఎలా తగ్గిందో వాళ్ళకే గుర్తులేదు."

"కిందినుంచి పైకి తగ్గించుకున్నవారిమీద తమరేం చర్య తీసుకున్నారు?"

"చర్యేమిటండీ! ఇంటికి పంపించాను."

"సుందరం, రాసుకో. ముప్పై అయిదేళ్ళుగా పర్యవేక్షణ లోపం."

ఆవిడ నవ్వారు. నవ్వినవారు కాస్తా మళ్ళీ గంభీరంగా అయిపోయారు. "ఒక్క ప్రశ్న అడుగుతాను. ఇది నన్ను నేను కూడా అడుక్కుంటూ ఉండేదే. రోగం తగ్గితే మందు పనిచేసిందంటాం. పెరిగితే లోపలున్నది బయటపడుతోంది, మంచిదే అంటాం. ఎప్పుడో పోయిన పాత జబ్బు తిరగబెడితే వచ్చినదారినే వెనక్కి పోతోంది, ఇంకా మంచిది అంటాం. మరి ఏం జరిగితే పనిచెయ్యలేదని ఒప్పుకోవాలి?"

ఆదిశేషయ్య గారు ఉత్తర్వుని రెండువైపులా తిప్పి చూశారు. "అట్టి పరిస్థితి ఇందులో ఊహించబడలేదు, డాక్టర్ గారూ."

మా విభాగానికి మొదటి విజయం సత్యానందం మేష్టారు. రిటైరైన డ్రిల్లు మేష్టారు. తలనొప్పితో మా దగ్గరికి నడిచి వచ్చారు. నెలకల్లా నొప్పి తలనుంచి మెడకి దిగింది. మెడనుంచి నడుముకి దిగింది. నడుమునుంచి మోకాళ్ళకి దిగింది. దిగిన ప్రతిసారీ నేను బాణం గీశాను, ఆదిశేషయ్య గారు శాలువా కప్పారు. అరికాళ్ళకి చేరేసరికి మేష్టారు అడుగు తీసి అడుగు వెయ్యలేకపోయారు. ఇద్దరు మనుషులు కుర్చీతో సహా మోసుకొస్తే ఫోటో తీయించి, కింద 'ఆదర్శ రోగి' అని రాసి గోడకి తగిలించాం.

"అయ్యా, తలనొప్పున్నప్పుడు రోజూ పొద్దున్నే ఏటిగట్టుదాకా నడిచొచ్చేవాణ్ణండి," అన్నారు మేష్టారు శాలువా సర్దుకుంటూ.

"అధైర్యపడకండి మేష్టారూ. శివారుకి చేరిపోయాం. ఇంకొక్క జానెడు. బొటనవేలి గోరు దాటిందంటే రోగం తమ సరిహద్దు దాటినట్టే."

"గోరు దాటి ఎక్కడికి పోద్దండి?"

"అది మా పరిధిలోకి రాదు."

ఇలా అంతా సవ్యంగా సాగుతున్న రోజుల్లో నూకరాజు వచ్చాడు.

గుబ్బల నూకరాజు కరెంటాఫీసులో లైన్‌మన్. ఇరవయ్యేళ్ళుగా స్తంభాలెక్కుతున్నాడు. పదేళ్ళ కిందట చీలమండల దగ్గర దురద పొక్కులు లేచాయి. మూడేళ్ళ కిందట మోకాళ్ళు పట్టేశాయి. కిందటేడు ఆయాసం మొదలైంది. ఒకరోజు స్తంభం మధ్యలో మూడూ కట్టగట్టుకుని మీదపడితే హడలిపోయి, కిందికి దిగి, తిన్నగా మా ఆస్పత్రికి వచ్చి తొంభై రోజుల వైద్య సెలవు రాయించుకున్నాడు. కరెంటాఫీసు నియమం ఏమిటంటే, రోగి అని రాసిన ఆస్పత్రే ఆరోగ్యవంతుడని కూడా రాయాలి. తొంభయ్యోనాటికి ఆ కాగితం తేకపోతే లైను పనికి పనికిరాడని తేల్చి, సబ్‌స్టేషన్‌లో రిజిస్టరు ముందు కూర్చోబెడతారు. మామూలుగా అయితే అందరూ కోరుకునే కుర్చీయే అది. నూకరాజుకి మాత్రం ఆ మాటంటేనే వణుకు.

ఎనభయ్యో రోజున నవ్వుకుంటూ వచ్చాడు. వెనకాల భార్య మంగతాయారు, చేతిలో అరటిపళ్ళ అత్తం.

"మొత్తం తగ్గిపోయిందండి బాబూ! నిన్న మా అత్తోరింటికాడ కొబ్బరిచెట్టెక్కి గెల దింపేను. ఆయాసం లేదు, పాయాసం లేదు. ఆ సర్టిఫికెట్టు ముక్క పడేశారంటే సోమారం డ్యూటీలో దూకేత్తాను."

నేను ఫారం తీశాను. "ముందు ఏది తగ్గింది?"

"దురదండి."

నా చెయ్యి ఆగిపోయింది. "తర్వాత?"

"మోకాళ్ళండి."

"ఆఖర్న?"

"ఆయాసమండి. పది రోజులయ్యింది."

"నూకరాజూ, నిదానంగా గుర్తుచేసుకో. ముందు ఆయాసం తగ్గి, ఆ తర్వాత మోకాళ్ళు తగ్గి, ఆఖర్న దురద..."

"కాదండి. దురదే ముందు. కావలిస్తే మా ఇంటిదాన్ని అడగండి."

"దురదేనండి," అంది మంగతాయారు. "గోకుడు సప్పుడు ఆగినకాణ్ణించే గదాండి ఇంటిల్లిపాదీ సుబ్బరంగా పడుకుంటున్నాం."

చేసేదిలేక బాణం గీశాను. చీలమండనుంచి మోకాలికి, మోకాలినుంచి ఛాతీకి. ఆరునెలల్లో పైకి చూసే బాణం గీయడం అదే మొదలు. ఒక్కటైనా సరిగ్గా ఉందా అని చూశాను. పైనుంచి కిందికి కాదు, లోపలినుంచి బయటికి కాదు, కొత్తదినుంచి పాతదానికీ కాదు. మనిషి మూడు విధాలా తప్పుగా బాగుపడ్డాడు.

ఆదిశేషయ్య గారు ఫారాన్ని కాలవ నక్షాలా బల్లమీద పరిచి, బాణం వెంట వేలు జరిపి చూశారు. తర్వాత నావైపు తిరిగారు.

"కాలవ శివారున ఉన్న చేలు ముందు తడిశాయి. మధ్య చేలు తర్వాత తడిశాయి. తూము పక్కనున్న చేను అన్నిటికన్నా ఆఖర్న తడిసింది. అంటే ఏమిటర్థం, సుందరం?"

"ఎవడో మధ్యలో గండి కొట్టాడనండి."

"అంతే. ఈ ఆరోగ్యం మనం వదిలింది కాదు. ఇది అక్రమ ఆరోగ్యం."

ఆ సాయంత్రమే మెమో వెళ్ళింది. 'శ్రీ గుబ్బల నూకరాజు గారికి తెలియజేయునది ఏమనగా, తమరు ఆరోగ్యముగా ఉన్నట్లు మా దృష్టికి వచ్చినది. సదరు ఆరోగ్యము తమకు ఎచ్చటినుండి, ఏ మార్గమున, ఎవరి అనుమతితో సంక్రమించినదో రెండు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను. లేనియెడల తమ ఆరోగ్యము రద్దుపరచబడును.'

నూకరాజు మెమో పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. రాయడం సరిగ్గా రాదన్నాడు. అతను చెప్తూ ఉంటే సంజాయిషీ నేనే రాశాను. ఎవరి సంజాయిషీ అయినా చివరికి నేనే రాస్తాను గనక నాకది అలవాటే.

"సెలవు గదాని ఆఫీసోళ్ళిచ్చిన రబ్బరు బూట్లు తొడగలేదండి. పదిరోజులకి దురద పోయింది. స్తంభాలెక్కలేదండి. మోకాళ్ళు కుదుటపడ్డాయి. మా ఇల్లు రైసుమిల్లు గోడకి ఆనుకునుంటదండి, ఎప్పుడూ ఊక దుమ్మే. ఆఖరి నెల్లాళ్ళూ అత్తోరింటికాడున్నాం. ఆయాసం పోయింది. అంతేనండి. దొంగతనం గానీ, దౌర్జన్యం గానీ ఏవీ చెయ్యలేదండి."

ఆదిశేషయ్య గారు అది రెండుసార్లు చదివారు. "ఇందులో మన మందు ఎక్కడుంది?"

"ఏసుకున్నానండి, అదీ ఏసుకున్నాను," అన్నాడు నూకరాజు కంగారుగా. "తియ్యగా బాగుందండి."

అలివేలు గారిని పిలిపించారు. ఆవిడ నూకరాజు ఛాతీమీద స్టెతస్కోపు పెట్టి విన్నారు, మోకాళ్ళు వంచి చూశారు, చీలమండలు తడిమి చూశారు. సంజాయిషీ కూడా చదివారు. "నేను అడగవలసిన ప్రశ్నలకి ఇతనే జవాబులు చెప్పేశాడు," అన్నారు. "పులుపు ఇష్టమా అని అడిగాను గాని, బూట్ల సంగతి అడగలేదు. నా బుద్ధితక్కువ. మనిషి నిక్షేపంలా ఉన్నాడు. రాసిచ్చేస్తాను."

"ఆరోగ్యంగా ఉన్నాడని తమరు రాయవచ్చు," అన్నారు ఆదిశేషయ్య గారు. "దిశ సరి అని నేను రాయనిదే అది చెల్లదు."

వారం తిరక్కుండా ఆవిడకి ఏజెన్సీలో డిస్పెన్సరీకి బదిలీ ఉత్తర్వులొచ్చాయి. పర్యవేక్షణ లోపం కింద.

నేను రాతిగుండెవాణ్ణి కాదు. నూకరాజు పెళ్ళాంతో సహా రోజూ వచ్చి వరండాలో నిలబడుతుంటే నాకు అన్నం సయించేది కాదు. ఎనభై మూడో రోజున ఒక ఆలోచన తట్టింది. బాణం పైకి చూస్తోందంటే మనిషి నిలబడ్డాడనుకున్నందువల్ల. అదే తలకిందులుగా ఉన్నాడనుకుంటే చీలమండలు పైన, ఛాతీ కింద. బాణం సరిపోతుంది. ఫారాన్ని తిప్పి ఫైల్లో కుట్టి ఆదిశేషయ్య గారి ముందు పెట్టాను.

ఆయన కొట్టిపారెయ్యలేదు. పెద్దమనిషి. "తగ్గుముఖం పట్టిన కాలంలో నువ్వు తలకిందులుగా ఉన్నట్టు తహసీల్దారు ధ్రువపత్రం ఏమైనా ఉందా?" అని నూకరాజుని పిలిపించి అడిగారు.

"సెలవుకి ముందు ఓసారి ఉన్నానండి. బెల్టు జారిపోయి, స్తంభం మీద తలకిందులుగా ఏలాడేను."

"ఎంతసేపు?"

"రెండు నిమిషాలుంటదండి. ఆళ్ళొచ్చి దింపేదాకా."

"రెండు నిమిషాలు చాలదు," అన్నారు ఆయన నిజమైన విచారంతో. "పైగా లోపలినుంచి బయటికి అన్న నిబంధన ఉండనే ఉంది. దానికోసం నిన్ను తిరగేసి లాభం లేదు. నామాట విను, నూకరాజూ. ఒకటే మార్గం. రోగాలు మళ్ళీ తెచ్చుకో. తెచ్చుకుని ఈసారి వరసలో తగ్గించుకో."

నూకరాజు నోరు తెరిచాడు. మాట మంగతాయారు నోట్లోంచి వచ్చింది.

"ఆయాసం మళ్ళీ తెచ్చుకోమంటారా? ఈయన ఊపిరందక గోడట్టుకుని కూలబడితే ఈపు రాసింది నేనండి, మీరు కాదు. ఆ మాట ఇంకోసారనకండి."

"అమ్మా, ప్రభుత్వం ఎవరినీ బలవంతం చెయ్యదు. రోగం ఐచ్ఛికం."

"బాబుగారూ," అన్నాడు నూకరాజు. "నన్నా కుర్చీలో కూకోబెడితే నేను బతకలేనండి. గాలివానొచ్చి ఊరంతా సీకటైపోతే, నేను పైకెక్కి తీగ కలిపేక ఇళ్ళల్లో పిల్లలు ఒక్కసారి ఓ అని అరుత్తారండి. ఆ అరుపు ఇనటానికే ఎక్కుతున్నానండి ఇన్నేళ్ళూ."

ఆ మాట విన్నాక నేను ఊరుకోలేకపోయాను. ఉత్తర్వు మొత్తం, అనుబంధాలతో సహా మొదటినుంచి చదివాను. ఎనభై నాలుగో రోజున దొరికింది. నాలుగో అనుబంధం, చివరి పేరా. 'రోగికి పూర్వముండి అణగిపోయిన పాత లక్షణము తిరిగి ప్రత్యక్షమగుట, స్వస్థత సరియైన దిశలో సాగుచున్నదనుటకు తిరుగులేని నిదర్శనము.' అందరికన్నా పాతది దురద. ఆయాసం అక్కర్లేదు, మోకాళ్ళూ అక్కర్లేదు. దురద ఒక్కటి తిరిగి వస్తే చాలు, మిగతా రెండూ సక్రమంగా పోయినట్టే లెక్క. నా సర్వీసులో నేను పట్టిన పాయింట్లలో ఇదే గొప్పది. ఆదిశేషయ్య గారు నా భుజం తట్టారు.

"దురదొత్తే సర్టిఫికెట్టిత్తారాండి?" అంది మంగతాయారు, విన్నది నమ్మలేక.

"ఆరోజే ఇస్తాం," అన్నారాయన.

"బూట్లు తొడిగితే వచ్చేత్తదండి," అన్నాడు నూకరాజు. మొహంలో ఎన్నాళ్ళకో వెలుగు కనిపించింది.

తొడిగాడు. అన్నం తినేటప్పుడు బూట్లే, పడుకునేటప్పుడు బూట్లే. మంచినీళ్ళు పోసి మరీ తొడిగేవాడని తర్వాత తెలిసింది. రోజూ పదకొండింటికి ఆఫీసుకొచ్చి నా బల్ల పక్కన కాళ్ళు చాపేవాడు. నేను వంగి భూతద్దంతో చూసేవాణ్ణి. ఎనభై ఆరు, ఏమీ లేదు. ఎనభై ఏడు, కొంచెం ఎరుపు. ఎనభై ఎనిమిది, అనుమానాస్పదం. ఎనభై తొమ్మిదోరోజు పొద్దున్న గేటు దగ్గర్నుంచే కేక వినిపించింది. "వచ్చేసినియ్యండి బాబూ!"

ఆస్పత్రంతా బయటికొచ్చింది. రెండు చీలమండల చుట్టూ ఎర్రటి పొక్కులు, నిండుగా. ఆదిశేషయ్య గారు ముందుకి వంగి చూసి, "శాస్త్రానికి ఇది శుభదినం," అన్నారు. నర్సులు చప్పట్లు కొట్టారు. సత్యానందం మేష్టారిని కుర్చీతో సహా పక్కన పెట్టి ఫోటో తీశారు. మంగతాయారు మాత్రం ఎటో చూస్తూ నిలబడింది. నేను బాణం గీశాను. ఛాతీనుంచి మోకాలికి, మోకాలినుంచి చీలమండకి, నిటారుగా కిందికి. సర్టిఫికెట్ మీద 'స్వస్థుడు, దిశ సరి' అని నా దస్తూరీతో రాసి ముద్రవేసి ఇచ్చాను. నూకరాజు దాన్ని రెండుచేతులా కళ్ళకద్దుకుని, వంగి కాళ్ళు గోక్కున్నాడు.

సోమవారం డ్యూటీలో చేరాడు. మొదటి పని మా ఆస్పత్రి ముందు స్తంభమే. మేమంతా వరండాలో నిలబడి చూశాం. బెల్టు కట్టుకుని చకచకా సగం ఎక్కాడు. డ్యూటీలో రబ్బరు బూట్లు తప్పనిసరి. పైన ఎండ. సగం దగ్గర ఆగాడు. ఒక చేత్తో స్తంభాన్ని కౌగిలించుకుని ఇంకో చేత్తో బూటులోకి వేళ్ళు దోపి గోకడం మొదలెట్టాడు. కాసేపటికి ఒక చెయ్యి చాల్లేదు. రెండోదీ వదిలేశాడు. కింద జనం హాహాకారాలు చేశారు. బెల్టు పట్టుకుంది గనక బతికిపోయాడు. జారుకుంటూ కిందికొచ్చి, మట్టిలో కూర్చుని రెండుకాళ్ళూ రక్తం వచ్చేలా గోక్కున్నాడు.

కరెంటాఫీసు ఏ.ఈ. గారు కుర్రాడే, మర్యాదస్తుడు. వైద్యం చేయించుకుని నయమయ్యాక రమ్మనీ, అంతదాకా స్తంభం ముట్టుకోవద్దనీ కాగితం రాసిచ్చారు. వారంలో నయం కాకపోతే సబ్‌స్టేషన్ కుర్చీ ఖాయమనీ అందులోనే ఉంది. ఆ కాగితం పట్టుకుని మొగుడూ పెళ్ళాం మధ్యాహ్నం చీటీల కౌంటరు దగ్గరికి వచ్చారు. పొక్కులు అప్పటికే పిక్కలదాకా పాకాయి. ఈసారి కిందినుంచి పైకి.

కౌంటర్లో నాగలక్ష్మి కంప్యూటరు చూసి తల అడ్డంగా ఊపింది. "చీటీ రాదండి. మీ పేరుకి ఎదురుగా 'స్వస్థుడు, దిశ సరి' అని వస్తోంది. అలాంటివాళ్ళకి ఏడాదిదాకా ఇది చీటీ ఇవ్వదు."

"కాళ్ళు సూడమ్మా!"

"నేను చూస్తే ఏం లాభం బాబాయ్, ఇది చూడాలిగా," అని కంప్యూటరు చూపించింది.

నేను ఆదిశేషయ్య గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన తాపీగా కుర్చీలో వెనక్కి వాలారు. "సక్రమంగా నయమైనవాడు మళ్ళీ రోగి అయ్యాడంటే, మన ధ్రువీకరణ తప్పని మనమే ఒప్పుకున్నట్టు. ఒప్పుకుంటామా?"

"ఒప్పుకోమండి."

"మరి? వెళ్ళి అతనికి ధైర్యం చెప్పు. ఆ దురద రోగం కాదు, ఆరోగ్యమే బయటికొస్తోందని చెప్పు."

నేను నా బల్ల దగ్గరికి తిరిగొచ్చేసరికి ఇద్దరూ అక్కడే ఉన్నారు. నూకరాజు నేలమీద కూలబడి బూట్లు లాగుతున్నాడు. పాదాలు వాచి రావడం లేదు. ఆయన చెప్పమన్న ధైర్యం పక్కనపెట్టి, ఫైలు ముందుకి లాక్కున్నాను. మంగతాయారు నా ఎదురుగా వచ్చి నిలబడింది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"బాబూ, ఆరోజు అరటిపళ్ళత్తం పట్టుకుని మేమిద్దరం మీకాడికొచ్చినప్పుడు ఈ మనిషి ఎలాగున్నాడండి?"

"బాగున్నాడమ్మా."

"ఇప్పుడెలాగున్నాడండి?"

నేను ఫైలు వైపు చూశాను. "రికార్డు ప్రకారం బాగున్నాడు."

ఆవిడ వంగి మొగుడి చొక్కాజేబులోంచి సర్టిఫికెట్ తీసింది. చెమటకి తడిసి మడతలు అంటుకుపోయాయి. జాగ్రత్తగా విప్పి, చేత్తో సాపుచేసి, నా బల్లమీద పెట్టింది.

"అయితే ఈ ఆరోగ్యం మీదండి బాబూ. మీరే ఉంచుకోండి. మాది మాకిచ్చేయండి."

నాకు సిగ్గేసింది. పాతికేళ్ళ సర్వీసులో మొదటిసారి నా దస్తూరీ చూస్తే నాకే సిగ్గేసింది. ఆవిడ అడిగినదానికి ఫారం ఏదైనా ఉందేమోనని సొరుగులన్నీ వెతికాను. లేదు. ఆవిడ కదల్లేదు. నేలమీద నూకరాజు గోకుడు చప్పుడు ఆగలేదు. ఏం చెయ్యాలో తోచక, ఆ సర్టిఫికెట్ మీద 'అందినది' అని ముద్రకొట్టి, తేదీ వేసి, గురువారం రమ్మన్నాను.